ముప్ఫై మూడో మీట

నాన్న పని నవ్వు.
నవ్వించడం కాదు, నవ్వును అమర్చడం.

బర్‌బాంక్‌లో కిటికీ లేని గది,
టైపు మిషనంత పెట్టె,
ముప్ఫై రెండు మీటలు, నోట్లో పళ్ళన్ని.
నవ్వు నాలుగు విధాల చేటంటారు,
ఆ లెక్కన మా ఇల్లు
ముప్ఫై రెండు చేట్ల మీద గడిచింది.

ఒకటో మీట కిసుక్కుమంటుంది.
నాలుగు, పొట్ట పట్టుకునే మగాళ్ళు.
పదకొండు, అందరూ ఆపేశాక
అప్పుడే అర్థమైన ఒక పెద్దాయన.
వీళ్ళలో సగం మంది ఎప్పుడో పోయారే,
అనేవాడు నాన్న, దుమ్ము తుడుస్తూ,
అయినా డ్యూటీకి రాక తప్పదు.

ఏడో మీట వేరు.
అది ఎవరి *మీదైనా* నవ్వాలంటే.
గరిటె పట్టి చెయ్యి కాల్చుకున్న మొగుడు: ఏడు.
కారు నడిపిన ఆడమనిషి, విరిగిన కంచె: ఏడు.
ట్రే జారవిడిచిన నల్ల పనిమనిషి:
ఏడు, పెడల్ నేలకంటా తొక్కి.
బుధవారం సీరియల్లో ఒక తోటమాలి వచ్చేవాడు.
అచ్చం మా తాత టోపీ, మా తాత నడుం వంపు.
రోజా అనలేక లోజా అనేవాడు.
ఏడు.

తాత ఏమీ అనలేదు.
లేచి వెళ్ళి టీవీ గొంతు తగ్గించి
మళ్ళీ వచ్చి కూర్చుని బొమ్మ మాత్రం చూశాడు.
నాన్న అన్నం గిన్నెలోకి చూశాడు.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఆ రాత్రి మా ఇంట్లో నవ్వింది
నేనొక్కదాన్నే.

డెబ్భై మూడు మార్చిలో ఒడెస్సా ప్రూయిట్ వచ్చింది,
పళ్ళ డాక్టరు పాత్రలో.
మొగుడు ఇంట్లో ఉండి పిల్లాడికి జడ్డలు కుడతాడు,
బాగా కుడతాడు, జోకు అది కాదు.
మొదటి ఎపిసోడ్, కొత్త ఇల్లు, తలుపు చప్పుడు.
పక్కింటి తెల్లాయన, చేతిలో కేకు.
"అమ్మగారున్నారా?"

స్క్రిప్టు అంచున
నిర్మాత పెన్సిలుతో రాసిన అంకె: 7.

నాన్న వేలు మీట మీదే ఉంది. నేను చూశాను,
బల్ల కింద నా చోటు నుంచి,
పెడల్ మీది పాదం వెనక్కి రావడం.
తెర మీద ఒడెస్సా కేకును చూసింది.
అతన్ని చూసింది. మళ్ళీ కేకును చూసింది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
టీవీలో నాలుగు క్షణాల మౌనమంటే
ఎవరో కరెంటు బిల్లు కట్టలేదనుకుంటారు.

"టోషీ, నిద్రపోయావా?"
"లేదు. ఆయన్ని కాసేపు
గుమ్మంలో నిలబెట్టాను."

అప్పుడు ఒడెస్సా అంది:
"ఉన్నారు. తలుపు కూడా తీశారు."

ఆ మాట పూర్తి కాకముందే
షూటింగ్ నాడు మూడో వరసలో ఒకావిడ నవ్వింది,
ఫ్రెస్నో నుంచి బస్సెక్కి వచ్చిన
ఒడెస్సా మేనత్త, ఈకల టోపీ.
దగ్గులా మొదలై, వంతెన మీద లారీలా సాగి,
చివర్న చిన్న ఈల.
మరీ పెద్దగా ఉంది, కోసెయ్ అన్నారు.
నాన్న కోశాడు.
కోసి, జేబులో పెట్టుకున్నాడు.
ఆ వారాంతం పెట్టె విప్పి, టంకం వేసి,
పళ్ళ వరస చివర
జ్ఞానదంతంలా ఇంకో మీట బిగించాడు.

లోకం మారిపోయిందని చెప్పను.
తోటమాలి ఇంకో రెండేళ్ళు లోజా అన్నాడు.
మా వీధిలో ఇల్లు చూడ్డానికొచ్చిన నల్ల కుటుంబానికి
ఆ ఇల్లు నిన్ననే అమ్ముడైందని చెప్పారు,
చెప్పినావిడ ఒడెస్సా షో ఒక్క వారం తప్పేది కాదు.
నాన్న కూడా ఏడు నొక్కుతూనే ఉన్నాడు,
అద్దె కట్టాలి కదా.
కాకపోతే ఒక్కోసారి ఆలస్యమయ్యేది,
ఒక్కోసారి గురి తప్పి
అడిగినవాడి మీద పడేది.

మొన్న ఆసుపత్రి వరండాలో
పాతదేదో రీరన్, పేరు గుర్తు లేదు,
అందరూ తెల్లవాళ్ళే ఉన్న కుటుంబం.
తండ్రి సోఫాలోంచి ఆర్డరేశాడు, కాఫీ అని.
భార్య పేపరు తిప్పింది, కదల్లేదు.
ఆ వెనకాల, అందరికన్నా ముందు,
దగ్గు, లారీ, ఈల.

పక్కన కూర్చున్న కుర్రాడు
తనూ నవ్వాడు, ఎవరితో కలిసి నవ్వాడో
తెలియకుండానే.